ఏది ముందు పడిపోయింది, ఏది తరువాత: ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో క్లామ్‌ల అంటువ్యాధులు

(సముద్రజీవుల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి రాసిన పాఠం.)

సభకు నమస్కారం. ఇంటి అక్వేరియంలలో పెంచే క్లామ్‌ల, అంటే రెండు చిప్పల మధ్య బతికే ఆల్చిప్పల జాతి జీవుల, జబ్బుల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అన్ని జబ్బులనూ చెప్పుకుంటూ పోతే ఈ పూట చాలదు. అందుచేత నేను ఒక్క సంగతికే పరిమితమవుతాను. ఒక క్లామ్ జబ్బుపడటం వేరు, ఒకదాని వెనుక ఒకటిగా ట్యాంకులోని క్లామ్‌లన్నీ పడిపోవడం వేరు. మొదటిది ఆ ప్రాణికి వచ్చిన కష్టం. రెండవది ట్యాంకుకు వచ్చిన కష్టం. మనలో చాలామంది రెండవదాన్ని కూడా మొదటిదిగానే చూస్తాము, జబ్బుపడిన క్లామ్ ముందు కూర్చుని దాని మాంటిల్ వంకే, అంటే చిప్పల మధ్య నుంచి బయటకు విచ్చుకునే మెత్తని రంగుల అంచు వంకే, చూస్తూ ఉంటాము. నేను చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది. మాంటిల్‌ను చూసి జబ్బుకు పేరు పెట్టకండి. ఏ క్లామ్ ముందు పడిపోయింది, ఏది తరువాత పడిపోయింది, మధ్యలో ఎన్ని రోజులు గడిచాయి, ట్యాంకులోని మిగతా జీవులు ఎలా ఉన్నాయి అన్నవి ముందు చూడండి.

మాంటిల్‌ను ఎందుకు నమ్మకూడదు? దానికి బాధను చూపించే మార్గాలు చాలా తక్కువ కాబట్టి. పూర్తిగా విచ్చుకోదు. అంచులు ముడుచుకుంటాయి. రంగు వెలిసిపోతుంది. చిప్పలు అతిగా తెరుచుకుని, నీరు లోపలికి పీల్చుకునే రంధ్రం సాగిపోయి కనిపిస్తుంది. చేతి నీడ పడినప్పుడు చటుక్కున మూసుకోవలసినది ఆలస్యంగా మూసుకుంటుంది, లేదా అసలు మూసుకోదు. మాంటిల్ అంచు వెంట నీడను పసిగట్టే చిన్న చిన్న కళ్లు వందల సంఖ్యలో ఉంటాయి కనుక నీడ పరీక్ష మనందరికీ అలవాటే. అయితే ఆ పరీక్ష ఏమి చెబుతుంది? ప్రాణి నీరసించిందని చెబుతుంది. ఎందువల్ల నీరసించిందో చెప్పదు. ఉప్పదనం ఒక్కసారిగా పడిపోయినా ఇవే లక్షణాలు, పరాన్నజీవి రక్తం పీల్చినా ఇవే లక్షణాలు, లోపలి కణజాలాన్ని ఏకకణ జీవి తినివేస్తున్నా ఇవే లక్షణాలు.

ఈ ప్రాణి బతికే తీరును ఒక్కసారి గుర్తు చేసుకుంటే అంటువ్యాధి ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. మనం పెంచే ట్రైడాక్నా అనే రాక్షస క్లామ్ జాతులకు, అంటే క్రోసియాకు, మాక్సిమాకు, స్క్వామోసాకు, డెరాసాకు, కడుపు నుంచి కొమ్మలుగా చీలి మాంటిల్ దాకా వెళ్లే సన్నని నాళాలు ఉంటాయి. వాటిలో జూజాంథెల్లే అనే శైవలాలు కాపురం ఉంటాయి, వెలుతురుతో ఆహారం తయారుచేసి ఆతిథేయికి పెడతాయి. ఇది మనకు తెలిసిందే. మనం మరచిపోయేది మొప్పలను. వెలుతురుతో బతికే ప్రాణే అయినా క్లామ్ పగలూ రాత్రీ నీటిని మొప్పల గుండా లాగి వడకడుతూనే ఉంటుంది. సముద్రంలో ఒక క్లామ్ వదిలిన నీరు అలలతో ఎటో వెళ్లిపోతుంది. మన ట్యాంకులో ఎటు వెళుతుంది? పక్క క్లామ్ మొప్పల్లోకి వెళుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే చెంబు నీటిని పుక్కిలించి మళ్లీ అదే చెంబులో ఉమ్మినట్టు ఉంటుంది ఆ పరిస్థితి. నవ్వుతున్నారు కానీ, నాలుగు క్లామ్‌లు ఉన్న చిన్న ట్యాంకులో రోజంతా జరిగేది అదే.

ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. ఆల్చిప్పల జాతి జీవులకు మనకున్నట్లు ప్రతిరక్షకాలు తయారు కావు. వాటి రక్తంలో తిరిగే హీమోసైట్ అనే కణాలు వచ్చినవాటిని మింగి జీర్ణం చేసుకోవడానికి ప్రయత్నిస్తాయి, రక్షణ భారం చాలావరకు వాటి మీదే ఉంటుంది. అందువల్ల మనుషులకు, చేపలకు వేసే తరహా టీకా వీటికి పనిచేయదు. ఒకసారి జబ్బుచేసి కోలుకున్న క్లామ్‌కు ఇక ఆ జబ్బు రాదని భరోసా పెట్టుకోవడానికీ ఆధారం లేదు.

ఇక వరుసక్రమం సంగతికి వద్దాము. ఒకే రాత్రిలో క్లామ్‌లన్నీ ఒకేసారి ముడుచుకుపోయాయనుకోండి. అది అంటువ్యాధి కాదు. ఏ సూక్ష్మజీవీ అన్నిటినీ ఒకే గంటలో పట్టుకోదు. అది నీటి దోషం. ఉప్పదనమో, ఉష్ణోగ్రతో, క్షారత్వమో ఒక్కసారిగా మారి ఉంటుంది, అమ్మోనియా పెరిగి ఉంటుంది, చేపల మందు ద్వారా రాగి ట్యాంకులోకి చేరి ఉంటుంది. అటువంటప్పుడు పగడాలు, రొయ్యలు, నత్తలు కూడా సాక్ష్యం చెబుతాయి. రాగి పడిన ట్యాంకులో రొయ్యలు క్షేమంగా తిరుగుతూ క్లామ్‌లు మాత్రమే చావడం జరగదు.

ఒకే ఒక్క క్లామ్ పడిపోయి, నెలలు గడిచినా మిగతావి నిక్షేపంగా ఉన్నాయనుకోండి. అప్పుడు దాని సొంత చరిత్రను వెతకాలి. రాయికి అతుక్కున్నదాన్ని లాగి తీసినప్పుడు అది రాయిని పట్టుకునే బైసస్ నారలతో పాటు పాదం దగ్గరి కణజాలం చిరిగి ఉండవచ్చు, క్రోసియా, మాక్సిమా జాతులకు చిప్ప అడుగున ఆ నారలు బయటకు వచ్చే రంధ్రం పెద్దది కనుక ఈ ప్రమాదం వాటికి ఎక్కువ. ఏంజెల్ చేపో, సీతాకోకచిలుక చేపో మాంటిల్ అంచును కొరుకుతూ ఉండవచ్చు. రవాణాలో దెబ్బతిని ఉండవచ్చు. ఇది దుఃఖమే కానీ వ్యాప్తి కాదు.

మూడవ తీరు ఇది. కొత్త క్లామ్ ఒకటి వచ్చింది. కొన్ని రోజులకో వారాలకో అది గానీ, దాని పక్కనున్న పాతది గానీ నీరసించింది. ఆ తరువాత ఇంకొకటి. ఆ తరువాత మరొకటి. పగడాలు బాగున్నాయి, చేపలు బాగున్నాయి, నత్తలు, రొయ్యలు బాగున్నాయి, పరీక్షల్లో నీరు బాగుంది. ఆల్చిప్పలే ఒకదాని వెనుక ఒకటిగా పోతున్నాయి. ఇదీ అంటువ్యాధి తీరు. రెండవ క్లామ్ ముడుచుకున్న రోజునే ఈ అనుమానం రావాలి, నాలుగవది చనిపోయేదాకా ఆగకూడదు. ఇంకొక మాట. అదే సరుకులో క్లామ్ కొన్న మీ స్నేహితుడి ట్యాంకులోనూ ఇదే జరుగుతుంటే అది మీ నీటి తప్పూ కాదు, అతని నీటి తప్పూ కాదు, జబ్బు సరుకుతోనే వచ్చింది. ఒకరినొకరు అడగకపోవడం వల్ల ఈ సంగతి తరచుగా బయటపడదు. ఎవరి ట్యాంకులో చనిపోయినవాటికి వారు గుట్టుగా బాధపడుతూ ఉంటారు.

ఈ మూడవ తీరులో నేను ఎక్కువసేపు ఆగవలసినది పెర్కిన్సస్ దగ్గర.

పెర్కిన్సస్ ఒక ఏకకణ పరాన్నజీవి. 1950లో మెక్సికో సింధుశాఖ ముత్యపుచిప్పల మరణాలను పరిశీలిస్తున్నవారు మొదట దీనిని శిలీంధ్రంగా భావించి డెర్మోసిస్టిడియమ్ అనే ప్రజాతిలో చేర్చారు, ఆ పేరు నుంచి వచ్చిన డెర్మో అనే పొట్టి పిలుపు ముత్యపుచిప్పల పెంపకందారుల నోట ఇప్పటికీ నిలిచి ఉంది. తరువాత అది శిలీంధ్రం కాదని తేలి పెర్కిన్సస్ మరైనస్ అయింది. 1981లో ఆస్ట్రేలియాలో అబలోన్ అనే సముద్రపు నత్త నుంచి మరొక జాతిని వర్ణించారు, అది పెర్కిన్సస్ ఒల్సెనీ. మన కథలో ముఖ్యపాత్ర దీనిదే. 1980ల మధ్యకాలంలో గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ ద్వీపం చుట్టూ రాక్షస క్లామ్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు అక్కడి క్లామ్‌లలో పెర్కిన్సస్ జీవులు కనిపించాయి. అంటే ఇది ముత్యపుచిప్పలకే పరిమితమైన జబ్బు కాదని, ట్రైడాక్నాలనూ పట్టుకోగలదని మన అభిరుచి ఇంతగా విస్తరించకముందే తెలుసు.

అది ఇళ్లలోని ట్యాంకుల దాకా ఎప్పుడు వచ్చింది? కచ్చితంగా ఎప్పుడు వచ్చిందో చెప్పలేము కానీ, ఎప్పుడు పట్టుబడిందో చెప్పవచ్చు. వియత్నాంలో పెంచి అమెరికాకు దిగుమతి చేసిన ట్రైడాక్నా క్రోసియాలు చనిపోవడంతో వాటిని పరీక్షించగా పెర్కిన్సస్ ఒల్సెనీ బయటపడినట్టు 2008లో శాస్త్రీయ పత్రిక ఒకటి ప్రచురించింది. మరుసటి ఏడాది, 2009లో, ఒక ఇంటి అక్వేరియంలో ఉంచిన వియత్నాం క్రోసియాలో కూడా పెర్కిన్సస్ కనిపించినట్టు ఇంకొక నివేదిక వచ్చింది. ఆ నివేదికలు రాసినవారికి మన క్లామ్‌ల ప్రాణం ఒక్కటే ఆందోళన కాదు. తమ తీరానికి పరాయిదైన పరాన్నజీవి అలంకార జీవుల వ్యాపారం దారిన వచ్చి, ఎవరో పారబోసిన నీటితో సముద్రంలోకి చేరితే ఏమవుతుందన్నది వారి ప్రశ్న. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చిన వ్యాధికారకాల్లో ఒల్సెనీ కూడా ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందో చూడండి, ఎందుకంటే మనం చేయవలసినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఈ జీవి ఆతిథేయి కణజాలంలో చేరి విభజన చెందుతూ పెరుగుతుంది. ముత్యపుచిప్పల్లో బాగా అధ్యయనం చేసిన మరైనస్ సంగతైతే మరీ విచిత్రం. రక్షణకని వచ్చిన హీమోసైట్ కణం దానిని మింగుతుంది, మింగబడినది ఆ కణం లోపలే పిల్లలు పెడుతుంది, ఆ కణం మీదే సవారీ చేస్తూ ఒళ్లంతా తిరుగుతుంది. ఆతిథేయి చనిపోయి కణజాలం కుళ్లడం మొదలయ్యాక ఈ కణాలు ఉబ్బి, దళసరి గోడ కట్టుకుని, మళ్లీ సముద్రపు నీరు తగలగానే లోపల అనేకసార్లు విభజన చెంది, రెండేసి కశాభాలతో ఈదే చలన సిద్ధబీజాలను విడుదల చేస్తాయి. మధ్యలో ఇంకొక ఆతిథేయి అవసరం లేదు. నత్త అక్కరలేదు, చేప అక్కరలేదు. క్లామ్ నుంచి నీటికి, నీటి నుంచి క్లామ్‌కు. పైగా దీనికి వెచ్చదనం ఇష్టం, ఉప్పదనం ఇష్టం. మన ట్యాంకులు ఏడాది పొడుగునా 25, 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పూర్తి సముద్రపు ఉప్పదనంతో ఉంటాయి. ముత్యపుచిప్పల తీరాల్లో చలికాలం వచ్చి ఈ జబ్బును కాస్త నెమ్మదింపజేస్తుంది. మన ట్యాంకులో చలికాలం ఎక్కడిది?

కాబట్టి చనిపోయిన క్లామ్‌ను మరునాడు తీయవచ్చులే అనుకోవడం పెద్ద పొరపాటు. వెచ్చని నీటిలో క్లామ్ మాంసం కొన్ని గంటల్లోనే కుళ్లిపోతుంది, అది అమ్మోనియాతో పాటు పరాన్నజీవిని కూడా నీటిలోకి వదులుతుంది. నా మటుకు నేను ఇంకొక అడుగు ముందుకు వేసి, చావడం ఖాయమని తేలిన క్లామ్‌ను చనిపోకముందే వేరు చేయాలంటాను. కొందరికి ఇది కఠినంగా తోస్తుంది, కానీ ట్యాంకులో మిగిలినవాటి సంగతి కూడా ఆలోచించాలి కదా.

చావకముందే తీయడానికి రెండవ కారణం పరీక్ష. కుళ్లిన మాంసంలో సూక్ష్మదర్శినికి ఏమీ దక్కదు. ప్రాణం ఉన్నప్పుడు తీసిన మాంటిల్, మొప్పల ముక్కలను కణజాల పరీక్ష కోసం ఫార్మలిన్‌లోనూ, జన్యు పరీక్ష కోసం గాఢమైన ఇథైల్ ఆల్కహాల్‌లోనూ ఉంచాలి. కణజాల పరీక్షకు పంపేదాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. పెర్కిన్సస్‌కు ఒక పాత పరీక్ష ఉంది, 1952లో ఆచరణలోకి వచ్చింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. కణజాలాన్ని థయోగ్లైకొలేట్ ద్రవంలో కొన్ని రోజులు చీకట్లో ఉంచితే పరాన్నజీవి కణాలు ఉబ్బుతాయి, అప్పుడు లూగాల్ అయోడిన్ వేస్తే అవి నల్లని నీలిరంగులో గుండ్రంగా కనిపిస్తాయి. ఏ జాతో తేల్చడానికి మాత్రం జన్యు పరీక్ష కావాలి. జలచరాల రోగనిర్ధారణ చేసే ప్రయోగశాలను ఎంచుకుని, నమూనా పంపే ముందే ఎలా పంపాలో అడగండి.

చికిత్స ఏమిటని ముందు వరుసలోని వారు అడుగుతున్నారు. కణజాలంలో స్థిరపడిన పెర్కిన్సస్‌ను ఇంటి ట్యాంకులో నయం చేసే మందు లేదు. ఉందని ఎవరైనా సీసా చూపిస్తే నమ్మకండి.

ఇక్కడే మాంటిల్ ముడుచుకునే జబ్బు ప్రస్తావన వస్తుంది, అభిరుచిదారులు పించ్డ్ మాంటిల్ అని పిలుస్తున్నది. మాంటిల్ అంచు ఒకచోట నొక్కిపెట్టినట్టు మడతపడుతుంది, ఆ మడత పెరుగుతుంది, విచ్చుకోవడం తగ్గుతుంది, పక్కవాటికి పాకుతుంది. దీనికి మంచినీటి స్నానం అనే పద్ధతి అభిరుచిదారుల్లో వ్యాపించింది, చాలామంది ఫలితం చూశామనే అంటారు. చాలామంది ఈ జబ్బునూ పెర్కిన్సస్‌నూ ఒకటే చేసి మాట్లాడతారు. నేను ఒప్పుకోను. మాంటిల్ మడత ఒక లక్షణం, పెర్కిన్సస్ ఒక జీవి. మడతపడిన ప్రతి క్లామ్‌లోనూ ఆ జీవి ఉందని ఎవరూ నిరూపించలేదు. పైగా ఆలోచించండి, నిజంగా పెర్కిన్సస్ అయితే కణజాలం లోతున కూర్చున్నదాన్ని అరగంట మంచినీరు ఎలా కడిగివేస్తుంది? స్నానంతో కోలుకున్న క్లామ్‌కు ఉన్నది పైపైన ఉండే మరేదో పరాన్నజీవి అయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని నా అభిప్రాయం.

అలాగని స్నానాన్ని నేను తోసిపుచ్చడం లేదు. చేసేవారు సరిగా చేయాలి. ఆర్‌ఓ నీటిని ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి, పీహెచ్‌ను ట్యాంకుతో సమానం చేసి, గాలి బుడగలతో ఆక్సిజన్ పట్టించి, అందులో క్లామ్‌ను ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. చిప్ప మూసుకుని ఉప్పునీటిని లోపలే పట్టుకుని కూర్చుంటే స్నానం చేయించినా చేయించనట్టే. తిరిగి పెట్టేటప్పుడు నీటిలో వంచి లోపల చిక్కిన గాలిని వదిలించాలి. ట్యాంకులోని క్లామ్‌లన్నిటికీ ఒకే రోజున చేయాలి, లేకపోతే చేయనిది చేసినదానికి మళ్లీ అంటిస్తుంది. నోరు తెరుచుకుపోయిన, నీడకు స్పందించని క్లామ్‌కు మాత్రం చేయకండి. అది ఆ దెబ్బకు తట్టుకోదు.

నయం చేయగలిగిన వ్యాప్తి ఒకటి ఉంది. పిరమిడెల్లిడ్ నత్తలు. రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లని, మొన తేలిన శంఖాకారపు నత్తలు. పగలు చిప్ప అడుగున, బైసస్ రంధ్రం చుట్టూ దాక్కుంటాయి. రాత్రి చిప్ప అంచుకు ఎక్కి, పొడవాటి తొండాన్ని మాంటిల్‌లోకి గుచ్చి రసం పీలుస్తాయి. చిప్ప మీద జిగురు ముద్దల్లా గుడ్లు పెడతాయి. వీటి జీవితచక్రమంతా ట్యాంకులోనే పూర్తవుతుంది కనుక, సముద్రంలో వాటిని తినే జీవులు ఇక్కడ లేవు కనుక, సంఖ్య త్వరగా పెరుగుతుంది. దీపాలు ఆరిన గంట రెండు గంటలకు టార్చి పట్టుకుని చూడండి. కనిపిస్తే క్లామ్‌ను పైకి తీసి మెత్తని బ్రష్‌తో చిప్ప మడతలన్నీ రుద్ది, గుడ్ల ముద్దలను గీకివేసి, వారం వారం మళ్లీ అదే చేయాలి. ఒక్కసారి చేసి ఊరుకుంటే గుడ్ల నుంచి వచ్చినవి మళ్లీ నిండుతాయి. ఆరు గీతల రాస్ చేప కొన్నిటిని తింటుంది, సాయం చేస్తుంది, మీ పని మాత్రం తప్పించదు. అయితే తెల్లగా, చిన్నగా ఉన్న ప్రతి నత్తనూ చంపకండి. గాజు మీద నాచు తినే అమాయకపు నత్తలు చాలా ఉన్నాయి. క్లామ్ అంచున బారులు తీరినవే దోషులు.

బ్యాక్టీరియా గురించి క్లుప్తంగా చెబుతాను. విబ్రియోలు సముద్రపు నీటిలో ఎప్పుడూ ఉంటాయి, నీరసించిన క్లామ్‌లో అవి కనిపించినంత మాత్రాన అవే మూలకారణమని కాదు. యాంటీబయాటిక్‌ను ప్రధాన ట్యాంకులో పోస్తే అమ్మోనియాను శుద్ధి చేసే బ్యాక్టీరియా దెబ్బతిని, క్లామ్‌ను కాపాడబోయి ట్యాంకునే కోల్పోతారు. వేసేదేదైనా వేరే పాత్రలో, పశువైద్యుని సలహాతో వేయండి. క్లోరాంఫెనికాల్ పట్ల మరీ జాగ్రత్త, అది అరుదుగా మనుషుల ఎముక మజ్జనే దెబ్బతీయగల మందు, ఉత్త చేతులతో ముట్టుకునేది కాదు.

ఇక క్వారంటైన్. చేపలకు చేస్తాము, క్లామ్‌లకు చేయము. ఎందుకు? క్లామ్‌కు బలమైన వెలుతురు కావాలి, రెండవ ట్యాంకుకు కూడా అటువంటి దీపం పెట్టాలంటే ఖర్చు. ఆ ఖర్చు పెట్టమనే చెబుతాను. వేరే నీరు, వేరే పంపు, వేరే బ్రష్, వేరే వల. అడుగున చిన్న పలక ఒకటి ఉంచి దాని మీద క్లామ్‌ను కూర్చోబెడితే నారలతో దానికే అతుక్కుంటుంది, తరువాత పలకతో సహా మార్చవచ్చు, లాగి చింపే అవసరం ఉండదు. ఆరు వారాలకు తగ్గకుండా ఉంచండి, నత్త గుడ్లు పొదగడానికి, నెమ్మదిగా వచ్చే నీరసం బయటపడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. పెర్కిన్సస్ పైకి ఏ లక్షణమూ లేకుండా లోపల ఉండగలదు కనుక క్వారంటైన్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే కానీ తుడిచిపెట్టదు. అందుకే వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన క్లామ్‌లను ఒకే క్వారంటైన్‌లో కలపకూడదు.

పెంపకంలో పుట్టినవి శుభ్రమైనవే కదా అని ఒకరు చీటీ పంపారు. కావు, కనీసం ఆ కారణం చేత కావు. 1983లో గిగాస్, డెరాసా జాతులను, 1985లో మిగతా రాక్షస క్లామ్‌లను సైటీస్ అనే అంతర్జాతీయ వన్యజీవుల వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు కనుక, సముద్రంలోని వాటిని ఏరుకోవడం కంటే పెంచినవాటిని కొనడం అన్ని విధాలా మంచిదే. కానీ వేలాది పిల్లలను ఒకే కాలువలో ఒత్తుగా పెంచే చోట జబ్బు పాకడం మరింత సులువు. 2008 నివేదికలోని క్లామ్‌లు పెంపకంలో పుట్టినవేనని మరచిపోకండి.

చివరి చీటీ. అన్నీ చనిపోయాక మళ్లీ క్లామ్ ఎప్పుడు పెట్టవచ్చునని. ముందుగా ఉన్న నీటి సంగతి చూడాలి. మార్చిన నీటినీ, చనిపోయిన క్లామ్‌ను ఉంచిన నీటినీ బ్లీచింగ్ ద్రావణంతో శుద్ధి చేయకుండా బయటకు వదలకండి, వర్షపు కాలువలోకో సముద్రంలోకో అసలే వద్దు. చిప్పను జ్ఞాపకంగా మరొక ట్యాంకులో పెట్టకండి. మళ్లీ పెట్టడానికి ఇన్ని వారాలు ఆగితే చాలునని నేను అంకె చెప్పను. ఎందుకంటే ట్యాంకులో క్లామ్‌లు లేకపోయినా ఆల్చిప్పలు ఉండవచ్చు. లైవ్ రాక్ అనే, జీవులతో సహా ట్యాంకులో పెట్టే సముద్రపు రాళ్ల పగుళ్లలో గోరంత ఆల్చిప్పలు, మీరు కొనని ముత్యపుచిప్పలు, ఎర్రని ఫ్లేమ్ స్కాలప్‌లు. ఒల్సెనీ ఒకే జాతిని పట్టుకుని ఉండేది కాదు, అబలోన్ నుంచి అనేక రకాల ఆల్చిప్పల దాకా దానికి ఆతిథేయులున్నాయి. కాబట్టి ముందు ఆ రాళ్లను టార్చి వేసి వెతకండి. అటువంటివి దొరికితే ఒకటి రెండింటిని పరీక్షకు పంపండి. ఆ ఫలితం వచ్చేదాకా ఆ ట్యాంకులో పగడాలనూ చేపలనూ ఉంచుకోండి, వాటికి ఈ జబ్బు రాదు.